వాగు మీద మూడో కానా

తలారి మామ పోయిన కబురు నాకు రైలు గ్యాంగు మేస్త్రి చెప్పాడు. అది జ్యేష్ఠ మాసం, తొలకరి ఇంకా పడలేదు. నేను చేలో కంప ఏరుతున్నాను. ఆయన పట్టాల వెంట నడుచుకుంటూ పోతూ, సుత్తి ఈ భుజం మీది నుంచి ఆ భుజానికి మార్చుకొని, కట్ట మీద నుంచే కేకేశాడు.

"పెద్దాయనా, మీ తలారి పోయినాడంట. పొద్దున గంజి తాగి గోడకు ఆనుకున్నాడంట. అంతేనంట."

"అట్లనా" అన్నాను. మేస్త్రి కాసేపు నిలబడి చూసి తన దారిన తాను పోయాడు. నేను మిగిలిన కంప కూడా ఏరి, కుప్ప వేసి, కాళ్లు కడుక్కొని, అప్పుడు పాలెం దారి పట్టాను.

నాకు రాయడం అలవాటు లేదు. వీధిబడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఉత్తరాలకు తప్ప వాడలేదు. మాట్లాడటం అంతకన్నా తక్కువ. ఆయన సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. తెలిసినవాళ్లలో రాయగలవాణ్ణి నేనొక్కడినే మిగిలాను. అందుకని రాస్తున్నాను. ఆయన పేరు రాయను. ఊళ్లో ఆయన్ను పేరుతో పిలిచినవాళ్లు ఎవరూ లేరు. పెద్ద రైతులు "ఒరే తలారీ" అనేవారు. నేను మామా అనేవాణ్ణి.

కంభం నుంచి గిద్దలూరు పోయే బండి ఎక్కినవాళ్లు మా వంతెన దాటే ఉంటారు. గుర్తుండదు. బండి దాని మీద ఉండేది వక్క కొరికి ఆకు మడిచేంత సేపు కూడా కాదు. వాగులో దిగి చూస్తే మాత్రం తెలుస్తుంది. మూడు కానాలు. కానా అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య నీళ్లు పోయే దారి. రెండు కానాలు మా గుట్ట రాయితో కట్టినవి, నల్లగా ఉంటాయి. పాలెం వైపున్న మూడోది తెల్ల ఛాయ రాయి. దాని ఆర్చి కూడా కొంచెం పొడుగు. ఎందుకని అడిగితే, రాయి అయిపోయిందని కొందరు, మేస్త్రీలు మారారని కొందరు చెప్తారు. అవేవీ కావు. అది తలారి మామ నోరు విప్పినందుకు వచ్చిన కానా.

మా వాగు ఏడాదిలో పది నెలలు ఇసుకే. చెలమ తవ్వితే కడవెడు నీళ్లు ఊరతాయి. కానీ పడమట నల్లమల మీద గట్టిగా కురిస్తే, మా ఊళ్లో ఎండ కాస్తుండగానే వాగు వస్తుంది. గోడ నడిచి వచ్చినట్టు వస్తుంది. మూడు నాలుగేండ్లకు ఒకసారి అట్లా వచ్చేది. పాలెం ఎదురుగా వాగు ఒడ్డున పెద్ద బండ ఒకటి ఉంది. వరద తీసిన మర్నాడు ఆడవాళ్లు పోయి, నీళ్లు ఎక్కడి దాకా తడిపాయో చూసి, సరిగ్గా అక్కడ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవారు. "ఇంతదూరం వచ్చినావు గదా గంగమ్మ తల్లీ, ఇంక దిగిపో" అని దండం పెట్టేవారు. పెద్ద వరదల బొట్లు చెరిగిపోకుండా ఏడాదికొకసారి మళ్లీ దిద్దేవారు. బండ మీద అవి ఒకదాని పైన ఒకటి ఉండేవి. అన్నిటికన్నా పైబొట్టు నేను చేయి ఎత్తినా అందనంత ఎత్తులో ఉండేది. దిద్దే రోజు నిచ్చెన తీసుకుపోయేవారు.

రైలు రాబోతుందని కొలతల వాళ్లు వచ్చిన ఏడు నాకు కొత్తగా పెండ్లయింది. తలారి మామకు ముప్పై దాటి ఉంటాయి. మనిషి తాటిచెట్టంత పొడుగు. పెండ్లాం కాన్పులో పోయింది, పిల్లలు లేరు. ఆయనకు మిగిలింది ఒక చెల్లెలు. ఆమెను పాలెంలోనే ఇచ్చారు. పాలెం అంటే వాగు ఎగువ ఒడ్డున పన్నెండు గుడిసెలు. కూలి చేసుకు బతికేవాళ్లు. ఊరు మిట్ట మీద, పాలెం పల్లంలో.

ఎర్ర తెలుపు పట్టీల కర్రలు నాటుకుంటూ కొలతల వాళ్లు పక్క ఊరి దాకా వచ్చారు. వాగు దగ్గరికి వస్తే పాత వరద గుర్తులు అడుగుతారని మాకు ముందే తెలిసింది. ఎంత ఎత్తు నీళ్లు వస్తాయో రాసుకొని, దాన్ని బట్టి ఎన్ని కానాలో లెక్క కడతారట. ఆ పూట మునసబు గారి అరుగు మీద పెద్దలు కూడారు. నేను మా నాయన వెనక నిలబడ్డాను.

"వాగు నిండా నీళ్లు వస్తాయని చెప్తిమనుకో, రాసుకుంటారు" అన్నాడు మునసబు. "రాసుకున్న కాగితం యాడికి పోతాది? కచేరీకి పోతాది. ఆడ ఏమంటారు? ఇన్ని నీళ్లుండే ఊరికి మెట్ట శిస్తు ఏంది, తరి శిస్తు ఎయ్యండి అంటారు."

"మనకు కారేది చెమట, పారేది ఇసక. దానికి తరి శిస్తు అంట!" అన్నాడు మా నాయన.

అందరూ నవ్వారు కానీ భయం పోలేదు. మెట్ట పొలానికి ఒక శిస్తు, నీళ్లు పారే పొలానికి దానికి ఎన్నో రెట్లు. వచ్చి పోయే వరదకూ, కాలువలో పారే నీళ్లకూ తేడా ఉందని, ఆ తేడా సర్కారుకు కూడా తెలుసునని ఒక్కరికీ తట్టలేదు. అడిగి తెలుసుకుందామని కూడా ఎవరూ అనలేదు. అడిగితే అనుమానపడతారని అనుకున్నారు.

"మరి బండ మీద బొట్లుండాయి గదా" అన్నాడు ఎవరో.

"కడిగేస్తే పోలా?" అన్నాడు మునసబు. "ఒరే తలారీ, పొయ్యి కడిగేసి రా. రొమ్ము లోతున ఒక్క బొట్టు పెట్టు, సాలు."

తలారి మామ తల వంచుకొని ఉన్నాడు. "పాలెం ఉండాది సామీ" అన్నాడు మెల్లగా.

"పాలెం యాడికి పోతాది? చెప్పింది చెయ్."

ఒక్కడే అయితే పొద్దుపోతుందని మా నాయన నన్ను కూడా పంపాడు.

బూడిద, పీచు, చింతపండు పిప్పి తీసుకొని పోయాం. పసుపు రాతిలోకి దిగి ఉంది, రుద్దినకొద్దీ పలచబడుతుంది కానీ పోదు. పై బొట్లు ఆయన రుద్దాడు, కింది బొట్లు నేను రుద్దాను. చెలమ నీళ్లకు కడవ తీసుకొని ఆయన చెల్లెలు వచ్చింది. కడవ కింద పెట్టి చూసింది.

"ఏందన్నా, అమ్మవారి బొట్లు తుడుస్తాండావు?"

"మునసబు చెప్పినాడు."

"మునసబు చెప్తే వాగు ఇంటాదా? బొట్టు దించితే నీళ్లు దిగుతాయా?"

ఆయన రుద్దుతూనే ఉన్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు గూడానా చిన్నయ్యా? నీకేంలే, మిట్ట మీద ఇల్లు."

ఆమె కడవ ముంచుకొని పోయింది. నేను పీచు మళ్లీ బూడిదలో అద్దాను.

పైబొట్టు పూర్తిగా పోయాక, తలారి మామ మొలలో నుంచి కొడవలి తీసి, ఆ బొట్టు ఉన్న చోటనే మొనతో రాతి మీద గట్టిగా ఒక గీత గీశాడు. బెత్తెడు ఉంటుంది.

"ఏంది మామా అది?"

"ఏం లే. కొడవలి జారింది" అన్నాడు.

దొంగబొట్టు పెట్టేటప్పుడు ఆయన కుంకుమ పొట్లం నా చేతిలో పెట్టాడు. "నా చెయ్యి రావడంలే. నువ్వు పెట్టు." నేను రొమ్ము ఎత్తున పసుపు రాసి, నా బొటనవేలితో బొట్టు పెట్టాను.

రెండు రోజులకు ఓవర్సీరు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. బొట్టు చూసి, చెప్పులు విడిచి దండం పెట్టాడు. అది చూసి మునసబు గారు కూడా దండం పెట్టారు.

"ఎప్పుడైనా నీళ్లు దీనికి మించి వచ్చాయా?" అని తలారి మామను అడిగాడు. ఇట్లాంటివి చెప్పవలసింది తలారే.

"రాలేదు సామీ."

ఓవర్సీరు రాసుకున్నాడు. కాగితం మీద మా వాగు నా రొమ్ము లోతు అయింది. పాలెం వాళ్లను ఎవరూ అడగలేదు.

కట్టడం చాలా కాలం సాగింది. ఇసుక తీసి రాతిగట్టు తగిలేదాకా పునాది తవ్వారు. తవ్విన గుంటలో నీళ్లు ఊరుతుంటే వంతులేసుకొని తోడారు. గుట్ట రాయి ఎద్దుబండ్ల మీద వచ్చేది. సున్నం గానుగ వాగు ఒడ్డునే వేశారు. రెండు ఎద్దులు తిరుగుతుంటే సున్నమూ ఇసుకా వెన్నలాగా నలిగేవి. కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవారు, కొంచెం బెల్లం కూడా. ఆ వాసన నాకు ఇప్పటికీ తెలుసు. కట్టకు మన్ను మోసింది పాలెం వాళ్లే. వాళ్ల తట్టలతోనే వాళ్ల పల్లానికి అడ్డం ఆ కట్ట లేచింది. కట్టలో రెండు కానాలు వదిలారు.

తలారి మామ పని లేని పూట అక్కడే ఉండేవాడు. స్తంభం పక్కన నిలబడి తన చేయి పైకెత్తి చూసుకునేవాడు. ఒకరోజు ఉండబట్టలేక రాతి మేస్త్రిని అడిగాడు.

"మేస్త్రీ, ఇంకో కానా పెట్టగూడదా?"

"ఏందయ్యో, పెండ్లి పందిరి అనుకుంటివా, ఇంకో గుంజ నాటనీకి?" అన్నాడు మేస్త్రి. కూలీలందరూ పగలబడి నవ్వారు. తలారి మామ కూడా నవ్వాడు. మర్నాడు మళ్లీ వచ్చి అదే చోట నిలబడి చేయి ఎత్తి చూసుకున్నాడు.

మొదటి బండి వచ్చిన రోజు టెంకాయ కొట్టాం. ఆ ఏడు వానలు లేవు. తర్వాతి ఏడు వచ్చాయి.

అది మధ్యాహ్నం. జొన్నచేలో గుంటక తోలుతున్నాను. ఎండ కాస్తోంది. నల్లమల మీద మాత్రం నల్లగా ఉంది. ముందు చప్పుడు వినిపించింది. బండి వస్తోందనుకున్నాను. బండి వేళ కాదు. ఎడ్లను విప్పి పరుగెత్తేసరికి వాగు కట్టను తగిలి ఆగి ఉంది. రెండు కానాల్లో నుంచి నీళ్లు ఉరికి పడుతున్నాయి, కానీ వచ్చేది పోయేదానికన్నా ఎక్కువ. వెనక్కు తిరిగిన నీళ్లు పాలెంలోకి ఎక్కాయి. పాత వరదలు గుడిసెల గడప తడిపి పోయేవి. ఈసారి నీళ్లు పైకప్పుల దాకా వచ్చాయి. తలారి మామ నడుముకు తాడు కట్టుకొని, నీళ్లలో నుంచి మనుషులను ఒక్కొక్కరినే రైలు కట్ట మీదికి చేర్చాడు. మేము తాడు పట్టుకున్నాం. చెల్లెలిని ఆఖరున తెచ్చాడు. ఆమె ఒళ్లో కోడి ఉంది. కట్ట మీద కూర్చొని, ఆయన ముఖంలోకి చూసి ఒకే మాట అంది.

"దిగినాయా అన్నా?"

మనుషులు దక్కారు. మేకలు, గింజలు, గోడలు పోయాయి. కట్ట ఒక పక్క జారింది. బండ్లు ఆగిపోయాయి.

నాలుగో రోజుకు ఇంజనీరు దొర వచ్చాడు, ఓవర్సీరు కూడా వచ్చాడు. ఊరంతా వంతెన దగ్గర చేరింది. పాలెం వాళ్లు దూరంగా తడి బట్టలు ఆరేసుకుంటూ చూస్తున్నారు. దొర అడిగింది ఓవర్సీరు తెలుగులో చెప్పాడు.

"ఇట్లాంటి వరద ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా? ఎప్పుడో ఒకసారి వచ్చేదయితే కట్ట పూడ్చి వెళ్తాం. తరచు వచ్చేదయితే ఇంకో కానా తీయాలి."

"మా తాతల నాడు గూడా లేదు సామీ" అన్నాడు మునసబు. "ఇది ఏందో పాడు కాలం. మళ్లా రాదు."

ఓవర్సీరు ఆ మాట దొరకు చెప్పాడు. దొర తల ఊపి పుస్తకం మూశాడు. పుస్తకం మూయడం నేను చూశాను. నా పక్కనే మా నాయన ఉన్నాడు. నేను ఒక అడుగు ఆయన వెనక్కు జరిగాను. అంతకు మించి నాలో ఏమీ కదల్లేదు.

"వచ్చింది సామీ."

అందరూ వెనక్కు తిరిగారు. తలారి మామ.

"మూడు నాలుగేండ్లకు ఒకసారి వస్తాది. ఇంతకు ముందు వచ్చింది. మళ్లా వస్తాది."

"ఒరే, నోరు ముయ్యి" అన్నాడు మునసబు.

"మూసినందుకే గదా సామీ పాలెం పాయె."

ఆయన కట్ట మరమ్మతుకు వచ్చిన కూలీలు కలిపి పెట్టిన తడి సున్నం దోసిలిలో తీసుకొని బండ దగ్గరికి నడిచాడు. మేమంతా వెనక నడిచాం. చేయి పైకెత్తి రాతి మీద సున్నం పూసి, పైపైన తుడిచేశాడు. ఏమీ కనపడలేదు.

"ఏముంది ఇక్కడ?" అన్నాడు ఓవర్సీరు.

"తడిగా ఉంటే తెలవదు సామీ. ఆరనీండి."

దొర గొడుగు కింద నిలబడ్డాడు. ఊరంతా ఎండలో నిలబడింది. సున్నం ఆరుతూ, కొడవలి గీతలో దిగింది దిగినట్టు, సన్నగా తెల్లగా తేలింది. దొర దగ్గరికి పోయి వేలితో తడిమి చూశాడు. ఓవర్సీరు ముఖం ఎర్రబడింది. అతను దండం పెట్టిన బొట్టు అంత కిందికి ఉంది.

"పై గుర్తులు ఎవరు కడిగారు? ఈ బొట్టు ఎవరు పెట్టారు?"

"నేనే సామీ."

"నువ్వొక్కడివేనా?"

"బండ కడగనీకి ఎంతమంది గావాల సామీ? ఒక్కడినే."

ఆయన నా వైపు చూడలేదు. మునసబు వైపు కూడా చూడలేదు. నేను కుడి చేతి బొటనవేలిని పిడికిట్లో పెట్టుకొని నిలబడ్డాను. నాకు తెలుసు ఆ బొట్టు ఎవరిదో. చెప్పలేదు. మా నాయన ఉన్నాడని చెప్పలేదు అనుకునేవాణ్ణి చాలా ఏండ్లు. మా నాయన పోయిన తర్వాత కూడా చెప్పలేదు.

ఇంకో కానా వచ్చింది. ఆయన తలారి పని పోయింది, దాంతో పాటు మాన్యం పొలమూ పోయింది. సర్కారు కొలతల వాళ్లకు అబద్ధం చెప్పిన తలారి అని పైకి రాశారు. రాసింది మునసబే. నిజం చెప్పినందుకు అని రాయలేరు గదా.

మూడో కానా కట్టిన విధం నేను దగ్గర నుంచి చూశాను. బండ్లు ఆపకుండా కట్టారు. లావు దూలాలు అడ్డం నిలువు పేర్చి వాటి మీద పట్టాలను నిలబెట్టి, కింద కట్టను తవ్వుకుంటూ పోయారు. బండి వచ్చే వేళకు అందరూ పక్కకు తొలిగేవాళ్లు. బండి బాలింత నడిచినట్టు నడిచి పోయేది. మళ్లీ పార అందుకునేవాళ్లు. మా గుట్టలో రాయి కొట్టేవాళ్లు అప్పటికే వేరే పనులకు పోయారు, అందుకని రాయి రైలుబండి మీద దూరం నుంచి వచ్చింది. తెల్ల ఛాయ అందుకే. తలారి మామ అక్కడ కూలికి చేరి సున్నం గానుగ తోలాడు. పెండ్లి పందిరి అన్న మేస్త్రే మళ్లీ వచ్చాడు. ఆర్చికి ఆఖరి రాయి దించేటప్పుడు తలారి మామను పిలిచి, "రావయ్యా, నీ గుంజ నాటుతాండాం, చెయ్యి ఎయ్యి" అన్నాడు. ఆయన పోయి చేయి వేశాడు.

ఓవర్సీరు పోయే ముందు దుర్బిణి పెట్టి చూసి, బండ మీది గీత ఎత్తునే మూడో కానా లోపలి గోడ మీద సున్నంతో గీత గీయించాడు. వానాకాలం వంతెన కావలికి మనిషి కావాలంటే తలారి మామనే పెట్టుకున్నారు. నీళ్లు గీత దాటితే ఎర్రగుడ్డ చూపించి బండి ఆపాలి. అబద్ధం చెప్పినవాడిని కావలి పెట్టారేమని మునసబు అడిగాడట. "ఒకసారి చెప్పి చూశాడు, మళ్లీ చెప్పడు" అన్నాడట ఓవర్సీరు.

తరి శిస్తు రాలేదు. ఆ ఏడూ రాలేదు, తర్వాతా రాలేదు. వస్తుందన్న మాట కూడా ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

అప్పటి నుంచి ఆయన చెల్లెలి ఇంట్లోనే ఉన్నాడు. పాలెం వాళ్లు కిరస్తానీ మతంలో కలిసినప్పుడు ఈయన కలవలేదు కానీ, ప్రార్థన వేళ బయట అరుగు మీద కూర్చునేవాడు. ఏటా ఏరువాక ముందు చిన్న పిడతలో సున్నం కలుపుకొని గీత మళ్లీ దిద్దేవాడు. దిద్ది, చుట్ట ముట్టించి, అది తెల్లబడేదాకా ఎదురుగా కూర్చునేవాడు. బండి పైన పోయేటప్పుడు రాతి గోడ మీద అరచేయి ఆనించేవాడు, జ్వరం చూసినట్టు. ఏమి తెలుస్తుంది మామా అంటే "బాగనే ఉండాది" అనేవాడు. అంతే చెప్పేవాడు. నీళ్లు గీతను రెండుసార్లు తాకాయి. దాటలేదు. పాలెం గడపలు తడిశాయి గానీ గోడలు నిలిచాయి.

మునసబు ముసలివాడయ్యాక ఒకసారి వంతెన కింద తలారి మామకు ఎదురుపడ్డాడు. నేను ఎద్దులకు నీళ్లు పెడుతున్నాను.

"ఏమిరా తలారీ, బాగుండావా?"

"తలారి పని మీరు తీసేస్తిరి గదా సామీ. పేరు గూడా తీసుకొని పోండి, నాకు బరువు" అన్నాడు ఈయన నవ్వుతూ. మునసబు కూడా నవ్వాడు. నిలబడి ఆయన దగ్గర చుట్ట అడిగి ముట్టించుకొని పోయాడు.

నేను ఒక్కసారి ప్రయత్నం చేశాను. మా నాయన పోయిన ఏడు. తలారి మామ గీత దిద్ది కూర్చున్నాడు. పోయి పక్కన కూర్చున్నాను.

"మామా, ఆ దినం దొర అడిగినప్పుడు..."

"ఏ దినం?"

"బొట్టు పెట్టింది..."

ఆయన గోడ వైపే చూస్తున్నాడు. "నీకు అప్పుడు కొత్తగా పెండ్లయినాది" అన్నాడు. చుట్ట బూడిద రాల్చి, "నేనే గదా పొట్లం నీ చేతిలో పెట్టింది" అన్నాడు. తర్వాత, "పో, ఎద్దులు చేలో పడినాయి" అన్నాడు. చూస్తే నిజంగానే పడి ఉన్నాయి. లేచి పోయాను. ఆ మాట అట్లనే ఉండిపోయింది. చదివేవాళ్లకు చెప్తున్నాను: బండ ఇద్దరం కడిగాం. దొంగబొట్టు నాది.

పాలెం వాళ్ల సమాధుల దిబ్బ కట్టకు అవతల ఉంది. అక్కడికి దారి మూడో కానా గుండానే. ఆ పొద్దు పాడె మోసినవాళ్లలో నేనూ ఒకణ్ణి, కొంత దూరం. వయసు చూసి మార్చుకుంటామన్నారు, వంతెన దాటేదాకా వద్దన్నాను. పాలెం వాళ్లు కీర్తన పాడుతున్నారు. ముసలి చెల్లెలు కర్ర పట్టుకొని వెనక వస్తోంది. కానా లోపలికి వచ్చేసరికి పైన బండి వచ్చింది. చప్పుడు తగ్గేదాకా ఆగాం. తల ఎత్తి చూస్తే, మా భుజాల మీద ఆయన, ఆయనకు మూరెడు పైన గీత. పాడె మోసే ఎత్తు కన్నా పైకి వస్తుందన్న మాట మా వాగు. అది తెలిసి ఊరంతా రొమ్ము లోతు అన్నాం. బండి పోయింది. చెల్లెలు గోడ మీద చేయి ఆనించి ఉంది. "పదండి" అంది.

పోయిన వారం నేను పిడతలో సున్నం కలుపుకొని పోయాను. గీత నాకు అందలేదు. ఆయన అంత పొడుగు నేను కాను. రాళ్లు రెండు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టి ఎక్కి, పాత గీత మీదనే దిద్దాను. కింద రాయి కదిలి ఒకచోట వంకర పోయింది. దిగి చూస్తే ఏమీ కనపడలేదు, గోడ తడిసినట్టు మాత్రం ఉంది. ఆయన కూర్చునే చోట కూర్చున్నాను. ఎండ కానా లోపలికి మెల్లగా జరుగుతోంది. పాలెం వైపు నుంచి ఎవరో ఆడమనిషి కడవతో చెలమ దగ్గరికి వచ్చి, నన్ను చూసి, నీళ్లు ముంచుకొని పోయింది. గీత ఒక కొసన తెల్లబడటం మొదలైంది.